తాళం మార్చారా?

మెట్రో రైలు తలుపులు మూసుకునే ముందు సన్నటి కూత వినిపిస్తుంది. మోతీనగర్ నుంచి ఫిల్మ్ నగర్‌కు పనికి వచ్చే దారిలో రోజూ వింటాను. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో తలలు దూర్చి ఉంటారు. నేను మాత్రం ఆపదలో తలుపు తెరిచే ఎర్ర మీట ఎక్కడుందో చూసుకుని, దానికి దగ్గరగా జరిగి నిలబడతాను. మన ఊళ్లో తిరిగే ఈ రైళ్లు మేం ఒకప్పుడు చిత్రం తీసిన కంపెనీవి కావు. ఆ సంగతి కనుక్కున్నాను కూడా. అయినా ఆ కూత ఆగి తలుపులు కలుసుకున్న క్షణంలో సుభద్ర మేడమ్ గుర్తుకొస్తారు.

సుభద్ర గారిది కాకినాడ. పేరున్న హీరోయిన్లకు చాలా ఏళ్లు గొంతు అరువిచ్చి, డబ్బింగ్ అవకాశాలు తగ్గాక, ఫిల్మ్ నగర్‌లో బట్టలు అద్దెకిచ్చే దుకాణం పైన రెండు గదులు తీసుకుని కంపెనీలకు చిన్న చిత్రాలు తీసేవారు. కాలేజీ అయిపోగానే నేను ఆవిడ దగ్గర స్క్రిప్టు రాయడానికి చేరాను. తెర మీద రౌడీలను గడగడలాడించిన ఆ గొంతు వింటూ పెరిగినదాన్ని కదా, ఆవిడ పులిలా ఉంటారనుకున్నాను. తీరా చూస్తే ఆవిడంత పిరికి మనిషిని నేను ఇప్పటికీ చూడలేదు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కేసేవారు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే గ్లాసెడు నీళ్లు తాగి కానీ ఎత్తేవారు కాదు. రోడ్డు దాటాలంటే నా చేయి పట్టుకునేవారు.

రైలు పెట్టెలు తయారుచేసే ఒక పెద్ద విదేశీ కంపెనీ తమ చరిత్రను చిత్రంగా తీయమని మమ్మల్ని పిలిచింది. మాలాంటి చిన్నవాళ్లకు అది పండగే. ఎక్కడో మంచు దేశంలో గుర్రబ్బగ్గీలు చేసే కార్ఖానాగా మొదలైన కంపెనీ అది. ఆవిరి ఇంజన్ల కాలంలో సరుకు పెట్టెలు చేసింది, యుద్ధంలో కాలిపోయి మళ్లీ లేచింది, పక్క దేశాల కంపెనీలను ఒక్కొక్కటిగా కొని కలుపుకుంది, కలుపుకున్నప్పుడల్లా పేరు మార్చుకుంది. ఇప్పుడు మన నగరం శివార్లలోనూ దానికి ఫ్యాక్టరీ ఉంది. వాళ్లు పంపిన కాగితాలన్నీ చదివి, నేను ఎంతో హుషారుగా మొదటి ప్రతి రాసుకొచ్చాను.

సుభద్ర గారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "బాగుందమ్మా. కానీ పేరు మారిన ప్రతిచోటా నువ్వు పరిగెత్తావు. అక్కడ కాస్త ఆగి చూడు. ఊరికే ఎవరూ పేరు మార్చుకోరు కదా?" అన్నారు.

అలా ఆగి చూడటం కోసమే శ్రీనగర్ కాలనీలో ఉంటున్న విఠల్ గారి దగ్గరకు వెళ్లాం. ఆయన వరంగల్ మనిషి. ఈ కంపెనీ తర్వాత కొనుక్కున్న ఒక విదేశీ సంస్థలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కెమెరా ముందు కూర్చుని, తొలినాళ్ల ముచ్చట్లు నవ్వుతూ చెప్పారు. ఆ సంస్థ ఎందుకు అమ్ముడుపోయిందని సుభద్ర గారు అడిగారు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"కొత్త పెట్టె ట్రయల్‌కు తీసినం అమ్మా. లోపల అందరూ మావోళ్లే, నాతోని పనిచేసేటోళ్లు. నేను ప్లాట్‌ఫారం మీద ఉన్న. నేల కింది కెల్లి పొగ లేచింది. ఎర్ర మీట గుంజితే తాళం ఊడి తలుపు తెరుచుకోవాలె. గుంజిండ్రు. తెరుచుకోలే." ఆయన అరచేతిని గాలిలో, అద్దానికి ఆనించినట్టు పెట్టారు. "నేను బయట ఉండి గిట్ల పెట్టిన. నా దోస్తు లోపల ఉండి గిట్లనే పెట్టిండు. గంతే."

నేనే అడిగాను. "తర్వాత ఆ తాళం మార్చారా అంకుల్?"

"కంపెనీ అమ్ముడుపోయింది, పేరు మారింది, నేను వాపస్ వచ్చిన. తాళం మార్చిండ్రో లేదో నాకు తెల్వదు బిడ్డా. గదే నా భయం."

సుభద్ర గారు ఆ ప్రమాదం గురించి, మీట గుంజినా తలుపు తెరుచుకోక లోపలివాళ్లు చనిపోయారని, ఒకే ఒక్క వాక్యం రాశారు. ఆయన మాటలు, ఆ వాక్యం చిత్రంలో పెట్టి, కంపెనీ తరఫున మా పని చూసే రాఘవ్‌ను పిలిచి చూపించాం. అతను చాలా మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు. "అది మేం కొన్న కంపెనీ చరిత్రండీ, మా చరిత్ర కాదు. తీసేయండి" అన్నాడు. తాళం సంగతి అడిగితే, "అవన్నీ మీకెందుకండీ?" అని చిరునవ్వు నవ్వాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు. "మీరు మోతీనగర్ నుంచి వస్తారు కదూ? ఒక్కరే వస్తారా? జాగ్రత్తండీ."

నేను ఎక్కడుంటానో అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాతి రోజుల్లో మా ఆఫీసు ఎదురుగా ఒక తెల్ల కారు వచ్చి ఆగేది. అందులోంచి ఎవరూ దిగేవారు కాదు. స్టూడియో వ్యాన్ల మధ్య అదీ ఒక కారే, ఎవరికోసమో ఆగిందేమో. కానీ కిటికీ తెర తొలగించాలంటే మా ఇద్దరికీ చేయి వచ్చేది కాదు. నాకు ఫోన్లు వచ్చేవి. ఎత్తితే అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది, మాట ఉండేది కాదు. ఇంట్లో అమ్మ పసిగట్టింది. "ఏందే గిట్లయినవ్? గా నౌకరి వద్దు, ఏం వద్దు. ఇంట్ల కూసో" అని ఏడ్చింది. ఆటో ఎక్కితే అద్దంలో వెనక వచ్చే బండ్లనే చూస్తుండేదాన్ని.

ఒక మధ్యాహ్నం విఠల్ గారు ఫోన్ చేశారు. ఆయన గొంతు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. "నన్ను తీసెయ్యుండ్రి అమ్మా. నా మనుమరాలు గీడి ఫ్యాక్టరీలనే చేస్తది. దానికేమన్న అయితే నేను బతకలేను."

నాకు కోపం వచ్చింది. సుభద్ర గారికి రాలేదు. "ఆయన్ని తీసేద్దాం. ముఖం, గొంతు, పేరు, ఏదీ ఉండొద్దు. పాపం, ఆయన మోసింది చాలు" అన్నారు. తీసేశాం. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం డబ్బింగ్ గదిలోకి వెళ్లి తన గొంతుతో తనే చదివి, రాఘవ్‌కు చెప్పకుండా చిత్రంలో ఉంచేశారు.

విదేశం నుంచి పెద్ద అధికారులు వచ్చారు. జూబ్లీహిల్స్‌లో ఒక ప్రివ్యూ థియేటర్‌లో చిత్రం చూపించాలి. రాఘవ్ మమ్మల్ని వెనక వరుసలో కూర్చోబెట్టాడు. ప్రమాదం వాక్యం రాగానే లేచి, చిత్రం ఆపించి, లైట్లు వేయించాడు. ఏదో పొరపాటున కలిసిందని ఇంగ్లీషులో వాళ్లకు చెబుతున్నాడు. అప్పుడు నా పక్కన కుర్చీ కిర్రుమంది. సుభద్ర గారు లేచి నిలబడ్డారు. ముందు కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ కుర్చీ కూడా ఆవిడతో పాటు ఊగుతోంది. ఆవిడకు ఇంగ్లీషు బాగానే వచ్చు. కానీ ఆ భయంలో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. తెలుగులోనే అడిగారు.

"ఆ తాళం మార్చారా? మార్చామని చెప్పండి చాలు. ఆ వాక్యం నేనే తీసేస్తాను."

ముందు వరుసలోని నెరిసిన జుట్టు విదేశీ మహిళ వెనక్కి తిరిగి, ఏమంటున్నారని అడిగింది. రాఘవ్ నవ్వి, మీకు కృతజ్ఞతలు చెబుతోందన్నాడు. సుభద్ర గారు నా వైపు చూశారు. చెప్పమని అడగలేదు. ఉత్తినే చూశారు, అంతే. రాఘవ్ కూడా నన్నే చూస్తున్నాడు. అమ్మ, మా సందు, తెల్ల కారు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అయినా ఎలాగో లేచి, ఆవిడ అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాను.

ఆ మహిళ ముఖంలో రంగు మారింది. రాఘవ్‌ను పక్కకు పిలిచింది. మమ్మల్ని బయటకు పంపేశారు. రోడ్డు పక్కన చెట్టు కింద సుభద్ర గారు వాంతి చేసుకున్నారు. నేను ఆవిడ వీపు నిమురుతూ నిలబడ్డాను.

మా చిత్రాన్ని వాళ్లు తీసుకోలేదు. క్రమంగా మిగతా కంపెనీలూ మా గుమ్మం తొక్కడం మానేశాయి. తెల్ల కారు కనబడటం ఆగిపోయింది. అది ఎవరిదో మాకు తెలియనే లేదు. కొన్ని నెలలకు విఠల్ గారు ఫోన్ చేసి, మనుమరాలు చెప్పిన మాట మెల్లగా చెప్పారు. ఫ్యాక్టరీలో కారణం చెప్పకుండా పని ఆపి, పెట్టెలన్నిటి తలుపులు విప్పి తాళాలు మారుస్తున్నారట. చెబుతూ చెబుతూ ఆయన ఏడ్చారు. సుభద్ర గారు ఫోన్ చెవికి ఆనించుకుని, ఊఁ కొడుతూ నేల మీద కూర్చుండిపోయారు.

ఆఫీసు మూసేసి ఆవిడ కాకినాడలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. అక్కడ ఆవిడకు జబ్బు చేసింది, అది ముదిరాక చూడటానికి వెళ్లాను. మంచం పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పటినుంచో అడగాలనుకున్నట్టు అడిగారు. "ఆ రోజు నువ్వు ఇంగ్లీషులో ఏమన్నావే? భయానికి నా చెవులు మూసుకుపోయాయి, నాకేం వినబడలేదు."

చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

"అప్పుడూ నీ గొంతు ఇలాగే వణికిందా?"

"ఇంకా ఎక్కువే వణికింది మేడమ్."

"వణికితే వణికింది. మాట అర్థమైంది కదా వాళ్లకి" అన్నారు.

ఆవిడ పోయాక నేనూ ఇలాంటి చిత్రాలే తీస్తూ బతుకుతున్నాను. ఎదుటివాడు మర్యాదగా నవ్వి, అవన్నీ మీకెందుకండీ అన్నప్పుడు నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. అది తగ్గేదాకా ఆగను. వణుకుతున్న గొంతుతోనే మళ్లీ అడుగుతాను.