ఆలుగడ్డల సంచికి జరీ అంచు

1998లో, వేసవి సెలవులు అయిపోయి కాలేజీలు తెరుస్తున్న రోజులు. సిద్దిపేట బజారు వెనక గల్లీలో నాకొక చిన్న లేడీస్ టైలర్ దుకాణం ఉండేది. మాది నేత కుటుంబం. మా ఆయన పవర్‌లూమ్ పనికి భివండి వెళ్లాక నేను మగ్గం వదిలి కుట్టుమిషను పట్టాను. రవికెలు, లంగాలు, షల్వార్ కమీజులు కుట్టేదాన్ని. నా చేతిపని బాగుంటుందని పేరు. చెప్పిన రోజుకు ఇవ్వనని కూడా పేరు. రెండూ నిజమే.

ఒకరోజు పక్క వీధి కోడలు రెహానా వచ్చింది. ఆమె భర్త దుబాయ్‌లో పని చేసేవాడు. కొన్నాళ్లు అతని దగ్గర ఉండి, వచ్చేటప్పుడు మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చుకుంది. లోపల మంట ఉండదు, కంటికి కనబడని తరంగాలు పదార్థంలోని తడిని వేడెక్కిస్తాయి. ఆ పెట్టెను చూడడానికి వాడకట్టంతా వెళ్లొచ్చింది.

"అక్కా, ఆలుగడ్డలు ఉడకబెట్టే సంచి కుట్టియ్యాలె" అంది.

నేను నవ్వాను. "సంచిల గడ్డలు మోసుకొస్తరు గని, ఉడకబెడ్తరా చెల్లె?"

"దుబాయ్‌ల మా పక్కింటామె కుట్టుకున్నది. గడ్డలు కడిగి, ముండ్ల చెంచతోని పొడిచి, తడిగనే సంచిల పెట్టి ఓవెన్‌ల ఉంచుతది. కొద్దిసేపట్ల మెత్తగ అయితయి. ఆవిరి సంచిలనే ఉంటది."

ఆ సంచి ఆమెకు సరదా కోసం కాదు. ఊళ్లోనే టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. అత్తకు పళ్లు పోయాయి, మోకాళ్లు పట్టేశాయి, స్టవ్ దగ్గర నిలబడలేదు. మధ్యాహ్నం మెత్తగా, వేడిగా తినడానికి ఏదైనా ఉంటేనే కోడలు గడప దాటాలని ఆమె షరతు. సంచీ, ఓవెనూ ఉంటే కూర్చున్న చోటే మీట నొక్కుకుని తినొచ్చు. అంటే ఆ పిల్ల చదువు నా సంచి మీద ఆధారపడింది.

ఎలా కుట్టాలో రెహానా వివరంగా చెప్పింది. పైబట్ట, లోపలి ఆస్తరు, మధ్యలో దూది, అన్నీ అచ్చం నూలువే ఉండాలి. పాలిస్టర్ కలిస్తే కరిగి అంటుకుంటుంది. దారం కూడా నూలుదే కావాలి. మూతికి గుండీ, హుక్కు, జిప్పు ఏవీ వద్దు, బట్టనే మడత వేసి మూయాలి. లోహమన్నది సంచిలో ఎక్కడా ఉండకూడదు.

"సమజైంది తియ్యి" అన్నాను. "సోమవారం పొద్దుగాల కాలేజీకి పోయేలోపు ఇస్త."

పని మాత్రం శ్రద్ధగానే చేశాను. కోరా కాటన్ తెచ్చి, గంజి పోయేలా ఉతికి ఆరేశాను. ముందే ఉతికితే తర్వాత బట్ట ముడుచుకోదు. దారం పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే గట్టి పూసలా ముడుచుకుంటుంది. రెండు బట్టల మధ్య దూది పరిచి, కదలకుండా బొంత కుట్టు వేశాను. దీన్నే క్విల్టింగ్ అంటారు.

అంతా అయ్యాక సంచిని ఎత్తి చూశాను. తెల్లగా, బోసిగా ఉంది. మా ఇళ్లల్లో అంచు లేని తెల్లబట్ట చావుకు తప్ప కొనరు. వాళ్ల ఇళ్లల్లోనూ శవానికి చుట్టే కఫన్ తెల్లదే. ముసలామె చేతిలో ఇలాంటిది పెడతానా, రోజూ అన్నం వేళకు ఆమె దీన్ని చూస్తుందా అని నా మనసు ఒప్పుకోలేదు. మూత చుట్టూ సన్నగా ఒక వరుస జరీ కుట్టాను. లోహం వద్దన్న మాట నాకు గుర్తే ఉంది. కానీ నేతింట్లో పుట్టినదాన్ని, జరీ మాకు దారం. కండెకు చుట్టి వస్తుంది, నూలు పక్కనే ఉంటుంది, అంచులో నేస్తాం. లోహమంటే నా లెక్కలో గుండీ, పిన్నీసు. పైగా అడగకుండానే అందం చేశానని మురిసిపోయాను.

సోమవారం పొద్దున ఇవ్వలేకపోయాను, అలవాటు ప్రకారం. మధ్యాహ్నానికి నేనే తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. రెహానా అప్పటికే కాలేజీకి వెళ్లింది. అత్త ఒక్కతే ఉంది. వాడకట్టు వాళ్లమంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్లం.

"ఇంత ఆలిస్యమా? ఆకలైతుంది" అని కసురుకుంటూనే ఖాలా గడ్డలు సంచిలో పెట్టింది, కోడలు నేర్పినట్టే అన్నీ చేసింది. మీట నొక్కింది. నేను పక్కన నిలబడి జరీ మెరుపు చూస్తున్నాను.

మెరుపు నిజంగానే వచ్చింది. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. అంచు వెంట మంట పాకింది. నేను కేక పెట్టి తలుపు తీయబోయాను. ఖాలా నా చెయ్యి పక్కకు కొట్టి, గోడ మీది స్విచ్ ఆర్పేసింది.

"తలుపు తియ్యకు! గాలి తగిలితే ఇంక మండుతది. రెహానా చెప్పింది."

మూసిన పెట్టెలోనే మంట ఆరిపోయింది. ఇల్లంతా పొగ కంపు. ఖాలా మంచం మీద కూలబడి, కోడలు కాలేజీ ఇక బంద్ అంది.

"ఖాలా, తప్పు నాది. పిల్ల లోహం వద్దన్నది. నేనే జరీ కుట్టిన" అన్నాను.

ఆమె నమ్మలేదు. "నా బిడ్డల పెండ్లిళ్లు గానప్పటి సంది నువ్వే కుడుతున్నవ్. నీ చెయ్యి నాకు తెల్వదా? అది దుబాయ్‌ల చూసిన కతలు చెప్పి నిన్ను ఆగం చేసింది. దాన్ని కాపాడనీకె నువ్వు మీదేసుకుంటున్నవ్."

ఆ మాటకు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎంత చెప్పినా నా తప్పు నా మీద నిలవడం లేదు, పోయి పోయి ఆ పిల్ల మీద పడుతోంది. నా మంచిపేరే ఆమెకు ఎదురు తిరిగింది. రెహానా వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆమె వచ్చి, కాలిన సంచి చేతిలోకి తీసుకుని, మూత మీద నల్లబడిన జరీని గోటితో గీకింది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది.

"లోహం వద్దన్న గద అక్కా."

"జరీ దారమనుకున్న చెల్లె."

"నన్ను ఒక్క మాట అడగక పోతివి" అని లోపలికి వెళ్లిపోయింది. పుస్తకాలు గూట్లో పెట్టిన చప్పుడు వినబడింది.

మర్నాడు దుకాణం తెరవలేదు. బట్ట, దూది, నూలు దారం తీసుకుని వాళ్లింటికే వెళ్లాను. ఖాలా ముందు చాప వేసుకుని చేత్తోనే కుట్టడం మొదలుపెట్టాను. ఏది ఎందుకో చెబుతూ, కాలిన జరీ పోగును ఆమె చేతిలో పెట్టి, అందులో లోహపు తీగ ఎట్లా చుట్టి ఉంటుందో విప్పి చూపించాను. అప్పుడు నమ్మింది.

"ఎందుకు కుట్టినవే మరి?"

తల దించుకుని నిజం చెప్పాను. తెల్లగా ఉంటే కఫన్ గుర్తుకొస్తుందేమో, నొచ్చుకుంటుందేమో అనుకున్నానని.

ఖాలా నేను కుడుతున్న తెల్లబట్ట అంచు చేతిలోకి తీసుకుంది. "నా కఫన్ బట్ట సందూకల ఎప్పుడో తెచ్చి పెట్టుకున్న. అప్పుడప్పుడు ఎండకేసి మళ్ల మడత పెడ్త. తెల్లబట్టకు నేను భయపడ్తనా? నన్నడిగితే చెప్పకపోదునా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నిప్పుకు భయపడ్డనే నేను. దానికోసం ఆ పిల్లను తిడితి" అంది.

ఆమె ఏం చూసి భయపడాలో కూడా నేనే నిర్ణయించాను. రెహానా ఏం చెప్పిందో సగమే విన్నాను. ఇద్దరికీ మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

మసి తుడిచి చూస్తే పెట్టె పాడవలేదు. సంచి పూర్తయ్యాక ముగ్గురం దాని ముందు నిలబడ్డాం. కొద్దికొద్దిసేపే మీట నొక్కుతూ, మధ్యలో ఆపి చూస్తూ ఉడికించాం. అచ్చం నూలుదైనా సరే, ఎక్కువసేపు పెట్టినా, ఖాళీగా పెట్టినా, నూనె మరకలున్నా అంటుకోవచ్చు. దగ్గర మనిషి ఉండాల్సిందేనని రెహానా మళ్లీ చెప్పింది. ఖాలా ఆవిరి చల్లారనిచ్చి, గడ్డ చిదిపి నోట్లో పెట్టుకుంది. "రేపటి సంది పో" అంది కోడలితో.

కొన్ని పాఠాలు పోగొట్టుకున్నా రెహానా ట్రైనింగ్ పూర్తి చేసింది. నేను మాత్రం అప్పటి నుంచి కత్తెర పెట్టే ముందు, కుట్టించుకునేవాళ్లు చెప్పింది తిరిగి వాళ్లకే అప్పజెప్పి, అవునన్నాకే కోస్తున్నాను. నాకు తోచిన అందం ఏదైనా ఉంటే నోరు తెరిచి అడుగుతున్నాను. చాలామంది వద్దంటారు. వద్దంటే మానేస్తాను.

రెహానా ఆ తర్వాత కూడా నా దగ్గరే కుట్టించుకుంది. కాకపోతే ప్రతి మాటా రెండుసార్లు చెప్పేది, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు. "మెడ ఇంతే అక్కా. ఇంతే, సరేనా?" అనేది. మొదటిసారే అర్థమైందని చెప్పడానికి నాకు ముఖం చెల్లేది కాదు. రెండోసారి కూడా తలవంచుకుని వినేదాన్ని.