సాక్ష్యంలో సాక్సు సంగతి

డ్రయ్యర్ తలుపు తీయగానే వేడి గుడ్డల వాసన ముఖానికి కొడుతుంది. అడవి నుంచి వచ్చిన బట్టలను ఉతకక ముందే అందులో వేసి, ఎక్కువ వేడి మీద తిప్పడం నాకు అలవాటు. అంటుకుని వచ్చిన పిడుదులు ఉతుకుడుకు చావకపోవచ్చు గాని ఆ పొడి వేడికి తట్టుకోలేవు. నాకు ఈ సంగతి నేర్పిన సలోమి ఆంటీ ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. ఆ వాసన వచ్చినప్పుడల్లా, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆవిడ నా వెనకే నిలబడినట్టు ఉంటుంది.

కెనడా కాలేజీలు మన పిల్లలతో నిండిపోతున్న ఏళ్లలో నేను చదువుకోవడానికి ఒంటారియోలోని లండన్‌కు వచ్చాను. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం ఆరాధన జరుపుకునే మా చిన్న తెలుగు సంఘంలో ఆంటీ పెద్ద. ఒంగోలు దగ్గర పుట్టి, ఇక్కడి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయాక ఆయన తుపాకీని అమ్మెయ్యమని అందరూ చెబితే, తానే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. ఏటా నవంబరులో జింకను వేటాడి, ఆ మాంసం మిరియాలు దట్టంగా వేసి వండి, సంఘంలోని విద్యార్థులందరికీ పెట్టేవారు. ఆదివారం పట్టుచీరతో ముందు వరుసలో పాటలు పాడే మనిషి, శనివారం వేటగాళ్ల నారింజరంగు కోటు వేసుకుని పొదల్లో కూర్చుంటుందంటే కొత్తవాళ్లు నమ్మేవారు కాదు.

ఒక నవంబరులో నన్నూ వేటకు వెంట తీసుకెళ్లారు. ఒక రైతు పొలం వెనక ఉన్న అడవి దగ్గర కారు ఆపాం. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది.

"ప్యాంటు సాక్సులోకి దోపు. జడ టోపీలోకి తొయ్యి. ఈ స్ప్రే కాళ్లకి కొట్టుకో," అన్నారు.

"ఇంత చలిలో పురుగులెక్కడుంటాయి ఆంటీ? పైగా ప్రార్థన చేసుకునే బయల్దేరాను."

"గుడి శిఖరం మీంచి దూకు, దూతలు పట్టుకుంటారని యేసుతో చెప్పిందెవరే?"

"సాతాను."

"మరి నీకు సాక్సు వద్దని చెప్తోందెవరు?"

నవ్వాను గాని దోపుకోలేదు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసిన దాన్ని, నాకేమీ కాదనుకున్నాను. అసలు సంగతి మరొకటి ఉంది. కొత్త బూట్లతో ఫొటో దిగాలి. సాక్సులోకి దోపిన ప్యాంటు అందులో బాగుండదు.

మధ్యాహ్నానికి జింక దొరికింది. ఇద్దరం కలిసి దాన్ని కారెక్కించాం. ఇంటికి రాగానే ఆంటీ వంటగదిలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి జడ విప్పారు. "జింక ఒళ్లు చల్లబడితే పిడుదులు దిగిపోయి వెచ్చటి మనిషిని వెతుక్కుంటాయి. చిన్నప్పుడు మీ అమ్మ పేలు చూసేది కాదూ? ఇదీ అంతే. కదలకు."

పాయలు తీసి నెత్తంతా చూశారు. తర్వాత చెవుల వెనక, చంకల్లో, చివరికి మోకాలి వెనక. అక్కడ ఆగారు. నువ్వుగింజంత పిడుదు చర్మంలో తల దూర్చి ఉంది.

"కొంచెం నూనె రాయండి ఆంటీ, అదే ఊడొస్తుంది. మా కుక్కకి అలాగే చేసేవాళ్లం."

"నూనే వద్దు, అగ్గిపుల్లా వద్దు. నోరుమూసుకుని కూర్చో."

సన్నటి పట్టకారుతో దాన్ని చర్మానికి దగ్గరగా పట్టి, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగి, చిన్న డబ్బాలో వేసి మూత పెట్టారు. కరిచిన చోటు సబ్బుతో కడిగారు. "కొన్ని గంటలే అయింది, భయం లేదు. నెల్రోజులు చూసుకుంటూ ఉండు. ఎర్రగా పాకినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు ఊరికే పోదు."

తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పే వంతు నాది. దేవుడు నన్ను విషపు పురుగు నుంచి ఎలా తప్పించాడో రాసుకుని, ముందుగా ఫోన్లో ఆంటీకి చదివి వినిపించాను.

"బాగుంది. సాక్సు సంగతేదీ?"

"అదెందుకు ఆంటీ? అందరూ నవ్వుతారు."

"దేవుడికి మహిమ ఇస్తున్నావా, నీ భక్తికి మార్కులు వేయించుకుంటున్నావా? సాక్ష్యమంటే జరిగింది చెప్పడం."

ఆ సంఘంలో నాకున్నదల్లా భక్తిగల పిల్ల అన్న పేరే. అది పోతుందని తెలుసు. అయినా నిలబడి ఫొటో, బూట్లు, నేను చెప్పిన ఎదురుమాట, మోకాలి వెనక దొరికిన పిడుదు, అన్నీ చెప్పాను. సండే స్కూల్లో నేను పాఠాలు చెప్పే పిల్లలే ముందు వరుసలో పగలబడి నవ్వారు.

ఆరాధన అయ్యాక, అందరికీ బిర్యానీ వడ్డిస్తుండగా ప్రసన్న అనే అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. కాలేజీ లేని రోజుల్లో క్రిస్మస్ చెట్ల తోటలో పనిచేసేది. "అక్కా, ఒకసారి ఇది చూడవా?" అంటూ చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన అరచేయంత ఎర్రటి వలయం.

"తామర అనుకున్నానక్కా. ఇంటి నుంచి తెచ్చుకున్న క్రీము పది రోజులుగా రాస్తున్నా. ఎంత రాసినా పెరుగుతూనే ఉంది."

నేను ఆంటీని పిలిచాను. ఆవిడ వంగి చూశారు. "దురద ఉందా?"

"లేదాంటీ. అదే విచిత్రం. ఒళ్లునొప్పులు మాత్రం ఉన్నాయి."

"బిర్యానీ తర్వాత తినొచ్చు. కోటు వేసుకో, పద."

ఆ మధ్యాహ్నమే డాక్టర్ చూసి లైమ్ అని చెప్పి మందులు రాశారు. జబ్బు కీళ్లకు, గుండెకు పాకకముందే ప్రసన్న వచ్చిందని అన్నారట. కొన్ని వారాల్లో ప్రసన్న పూర్తిగా కోలుకుంది.

ఆ రోజు డాక్టర్ దగ్గర నుంచి తిరిగి వస్తూ, ప్రసన్నను దింపేశాక, ఆంటీ కారు నడుపుతూనే అన్నారు. "నీ భక్తి ఒక్కటే విని ఉంటే ఆ పిల్ల ఆమెన్ అనుకుని ఇంటికి పోయేదే. నీ తెలివితక్కువతనం విని చెయ్యి చూపించింది."

తర్వాత నన్ను ఎవరికి పరిచయం చేసినా "మా సంఘంలో నిజం చెప్పే పిల్ల" అనేవారు. చదువులో వచ్చిన పట్టాలు, ఉద్యోగంలో వచ్చిన మెచ్చుకోళ్లు నాకూ ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ మాటకు సాటి రాదు. ఎన్నో సంఘాల్లో సాక్ష్యం చెప్పాను. ప్రతిసారీ నేను తప్పిన చోటు ముందు చెబుతాను, దేవుడు నన్ను పట్టుకున్న చోటు ఆ తర్వాత.