పొగమంచులో పిలిచిన పేరు

అమెరికాలో ఉన్నప్పుడు మా అమ్మాయి పద్మ మమ్మల్నిద్దరినీ కొలరాడో కొండలకి తీసుకెళ్ళింది. పగలంతా నడవాలి, రాత్రికి దారిలో కట్టిన చెక్క గుడిసెల్లో పడుకోవాలి. మూడో రోజు పొగమంచులో మా ఆయన వెనకబడి, కనిపించకుండా పోయారని పద్మా నేనూ గుడిసె చేరాకే చూసుకున్నాం.

“నువ్వు గుడిసెలోనే ఉండమ్మా, నేను నాన్నని వెతుకుతా” అని పద్మ వెనక్కి పరిగెత్తింది.

గుడిసె చూసుకునే తెల్లపిల్ల రేడియోలో సాయం కోసం పిలుస్తూ, “నేమ్? హిజ్ నేమ్?” అని నన్నడిగింది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు చెప్పింది. పెళ్ళయిన నాటి నుంచి నేను పలకలేదు. అందుకని కాగితం మీద రాసిచ్చాను. నాకు రాయడమొచ్చింది తెలుగులోనే, అదీ యాభై దాటాక పద్మ నేర్పింది. ఆ పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ప్లీజ్” అంది.

కళ్ళు మూసుకుని “సుబ్బారాయుడు” అన్నాను. తర్వాత బయటికెళ్ళి, గొంతు పోయేదాకా ఆ పేరే అరిచాను.

మర్నాడు లోయలో దొరికారు. మేం గుడిసె చేరకముందే పడ్డారనీ, పడగానే ప్రాణం పోయిందనీ అన్నారు. అంటే నేను అరిచేసరికే ఆయన లేరు.

ఇంకా ఈ పట్టింపు ఉన్నవాళ్ళు మానుకోండి. పేరు పలక్కపోయినా ఆయుష్షు మిగల్లేదు. అంతకాలం కాపురం చేసి, నా నోట తన పేరు ఆయన ఒక్కసారీ వినలేదు.