అమ్మ మెడ దగ్గరి గొట్టం

నా చిన్నప్పుడు ఇనుపగనుల ఊరు కిరండుల్‌లో ఎర్రదుమ్ము పడని చోటు లేదు. ఇనుపరాయిని మోసుకెళ్ళే రైళ్ళలో పనికని మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు.

ఒక వానాకాలం అమ్మకు పేగు చిల్లుపడితే గనివాళ్ళ ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ చేశారు. నన్ను లోపలికి పంపిన రోజున అమ్మ మెడ పక్కన సన్నటి గొట్టం, అది లోపలికి దిగిన చోట తెల్లటి పట్టీ కనిపించాయి. అమ్మ నోటితో ఏమీ తీసుకోకూడదట. మందూ ఆహారమూ ఆ గొట్టంలోంచే గుండె దగ్గరి పెద్ద నరంలోకి పోతాయని నాన్న చెప్పాడు. నాకేమీ బోధపడలేదు. పట్టీ అంచు లేచినట్టుంటే సరిచేద్దామని చెయ్యి చాపాను.

"ఏయ్, ముట్టకు!" అని అరిచింది నర్సమ్మ. అంతకు ముందే నా జడ సవరించిన మనిషి! నా తల్లిని నేను ముట్టుకుంటే తప్పేమిటో తెలియక ఏడ్చేశాను.

ఆమె నన్ను వరండాలోకి తీసుకెళ్ళి తడి దూది ఇచ్చింది.

"నీ చెయ్యి శుభ్రంగానే ఉన్నాదా?"

ఉందన్నాను.

"అయితే తుడుచుకో, చూద్దాం."

దూది ఎర్రబడింది.

"ఇది కనబడ్డాది. కనబడనివి ఇంకెన్నో ఉంటాయమ్మా. అవి గొట్టం పట్టుకుని మీ అమ్మ రక్తంలోకి ఎల్లిపోతే ప్రమాదం. నేనైనా కడుక్కోకుండా ముట్టను."

అన్నట్టుగానే వేళ్ళ సందులు కూడా సబ్బుతో రుద్దుకుని, కొత్త తొడుగులు వేసుకుని పట్టీ మార్చింది. కనబడనిదాన్ని ఎలా కడుగుతారో నాకు మాత్రం అంతుచిక్కలేదు.

కొన్నాళ్ళకు వెళ్ళేసరికి అమ్మ మెడ దగ్గర గొట్టం లేదు. డాక్టర్లు అమ్మ మీద ఆశ వదిలేసుకున్నారనుకున్నాను. నాన్నేమో నవ్వుతున్నాడు. ఏది నమ్మాలో తెలియక నర్సమ్మ చెంగు పట్టుకున్నాను.

"అమ్మ చచ్చిపోతాదా?"

"అయ్యో, అదేటి మాట! మీ అమ్మ పొద్దున్న గంజి తాగింది. ఇంక గొట్టంతో పనేటి? పని లేకుండా ఉంచితే ఆ దారెమ్మటే జ్వరం వస్తాది. అందుకే తీసేశాం."

అమ్మ రమ్మని చెయ్యి చాపింది. ఇప్పుడైనా ముట్టుకోవచ్చో లేదో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను. నర్సమ్మ నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, నా చేతులు తనే కడిగి, అమ్మ పక్కన కూర్చోబెట్టింది.

మొన్నామధ్య మా ఆయనకు కూడా అలాంటి గొట్టమే వేశారు. "ఇది ఇవాళ కూడా కావాలా బాబూ?" అని డాక్టరుగారిని పొద్దున్నే అడిగేదాన్ని. ఆయన విసుక్కోకుండా చూసి చెప్పేవారు. ఒక ఉదయం, "ఇంక అక్కర్లేదమ్మా, తీసేద్దాం," అన్నారు.

ఆ మాటకు ఈసారి నేను భయపడలేదు.