అందర్నీ ఏడిపించే బటన్

ఆ రోజుల్లో నేను చిన్నదాన్ని. మోకాళ్ల నొప్పి, నెరిసిన తల, ఇంట్లో కోడలు, అన్నీ ఉండాయి గానీ చిన్నదాన్నే అంటాను, ఎందుకంటే నాకు అప్పుడే అక్షరాలు మొదలైనాయి. కన్నడ సీమలో ఉండే మా ఊరు తిరుమణి చుట్టూ మా చేన్లన్నీ సోలారు పలకల కిందికి పోయి, గొర్రెల్ని అమ్మేసి, కోడలూ నేనూ ఆ పలకలు కడిగే కూలికి పోతాండిన కాలమది. (చిన్నప్పుడు బడికి ఎందుకు పోలేదని అడగొద్దండి. మందను బడికి తోలి నేను మేసింటే సరిపోయేది.)

మా ఆయన పోయినాక ఆయన సెల్లు నాకొచ్చింది. దాంట్లో ఆయన గొర్రెల్ని పిలిచే గొంతు ఉండాది, ఎవరో సరదాకు రికార్డు చేసి పెట్టింది. మందా లేదు, చేనూ లేదు, ఆయనా లేడు, ఆ పిలుపు ఒక్కటి ఆ సెల్లులో మిగిలింది. అదే సెల్లులో ఆ అంటే ఆనె, అంటే ఏనుగు, ఇ అంటే ఇలి, అంటే ఎలుక, అని పసిబిడ్డలకు కన్నడ అక్షరాలు నేర్పే పేజీ ఒకటి దొరికితే దొంగచాటుగా నేర్చుకుంటా ఉంటి. (మాది ఇంట్లో తెలుగు, బడీ ఆఫీసూ కన్నడ. తెలుగు అక్షరాలు నాకు ఆ తర్వాత వచ్చినాయి.) దొంగచాటు ఎందుకంటే కోడలు పదో తరగతి చదివింది. ఏ కాగితం వచ్చినా "ఇట్లియ్యి అత్తా, నేను చదువుతా" అని చేతిలోంచి తీసుకుంటాది. మంచిదే పాపం. అయినా ఒక్కసారన్నా దానికంటే ముందు నేను చదివి, ఇందులో ఏముందో దానికి చెప్పాలని నా పట్టుదల. అంతవరకూ దానికి తెలీకూడదు.

ఒకరోజు అది నా సెల్లు తీసుకుని చూస్తే, నేను తిరిగిన పేజీలన్నీ బొమ్మలుగా ముందే నిలబడినాయి.

"అత్తా, ఈ ఆనె బొమ్మలు, ఇలి బొమ్మలు ఎవురు చూసేది?"

"పక్కింటి పాప ఏడుస్తాంటే చూపిస్తి."

"పక్కింట్లో పాప యాడుండాది? వాళ్లకుండేది ఎద్దు."

"ఎద్దే ఏడ్చింది, పో."

మరుసటి రోజే వై.ఎన్.హొసకోటకు బస్సెక్కితి. ఆడ నా మేనల్లుడికి సెల్లు అంగడి ఉండాది. వాడు చెప్పినాడు: "పేజీలు చూపించేదాన్ని బ్రౌజర్ అంటారత్తా. నీ సెల్లులో ఉండేది నువ్వు పోయిన చోటంతా గుర్తుపెట్టుకుంటాది. కానీ దొంగ పేజీ వస్తే నిన్ను పోనీకుండా అడ్డం నిలబడతాది. నా దగ్గర ఇంకోటి ఉండాది. అది నీ సంగతి ఎవురికీ చెప్పదు. దొంగొచ్చినా నీకు చెప్పదు. ఏది కావాల?"

నాకు మా మంద కుక్కలు గుర్తొచ్చినాయి. ఒకటి తోడేలు వస్తే మొరిగేది, మా ఆయన కల్లు తాగి నడిజాములో వచ్చినా మొరిగేది, ఊరంతా లేచేది. రెండోది ఎవురొచ్చినా తోక ఆడించేది. మా ఆయనకు రెండోదంటేనే ప్రాణం.

"తోకాడించేదే పెట్టప్పా," అంటి.

"బాగా ఆలోచించుకో అత్తా."

"నా సెల్లులో దొంగకు దొరికేదేముంది, ఆనె, ఇలి తప్ప."

వాడు పెట్టిచ్చినాడు. చూడ్డం అయినాక కిందుండే బటన్ ఒత్తితే చాలన్నాడు, అదేం చేస్తాదో నేను అడగలేదు. ఇంటికొచ్చి ఆ బటన్ మీద ఉండేది కూడబలుక్కుని చదివితి: "ఎల్లవన్నూ అళిసి." నడిమధ్య గుణింతాలు ఇంకా రాలేదు గాబట్టి మొదలూ చివరా పట్టుకొంటి. ఎల్ల అంటే అంతా, అందరూ. అళిసి అంటే ఏడిపించండి. కన్నడం మాట్లాడేది నాకు బాగానే వస్తాది గదా! అందర్నీ ఏడిపించే బటన్ సెల్లులో ఎందుకు పెడతారో తెలీలేదు. ఎవుర్నో ఏడిపించి నేను బాగుపడేదేముందని దాన్ని ముట్టనే లేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, పలకల నీడలో సద్ది తిని, పైట నెత్తిమీదికి లాక్కుని, దాని చాటున సెల్లు తెరిస్తి. అక్షరాల పేజీ కోసం యాడో ఒత్తితే ఉన్నట్టుండి తెర ఎర్రబడి సెల్లు కూత పెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు దానికి పైట కప్పితి. ఆగలేదు. చెమటలు కారుతాంటే చదివితి. "ఫోటో" అని ఉండాది. "ధ్వని" అని ఉండాది, అంటే గొంతు. "హోగుత్తవె" అని ఉండాది, అంటే పోతాయి. దాని కింద పచ్చగా, అరచేయంత, "ఒత్తి" అని ఉండాది, అంటే ఒత్తండి.

ఆయన గొంతు పోతాదని అర్థమయ్యింది. నాకు మొదటిసారి ఎవురి సాయమూ లేకుండా అర్థమైన వాక్యం అదే.

పచ్చది ఒత్తితే ఉంటాదో, ఇంకా తొందరగా పోతాదో. వేలు దాని మీదికి పోతాది, వెనక్కి వస్తాది. పక్క వరసలో కోడలు నీళ్ల పైపు చుడతాండాది. పిలిస్తే ఇన్నాళ్లు దాచిందంతా బయటపడతాది. పిలవకపోతే ఆయన పోతాడు, రెండోసారి. సెల్లు కూస్తానే ఉండాది. సూపర్‌వైజర్ ఇట్ల తిరిగి చూసినాడు.

"ఏమ్మే, ఇట్లరా," అంటి.

అది వచ్చి, తెర చూసి, "ఏమన్నా ఒత్తినావా?" అనింది.

"లేదు."

"ఒత్తకు. దొంగ పేజీ ఇది." దాన్ని మూసింది. కూత ఆగింది. వెనకాల, నేను చెరపకుండా వదిలేసిన పేజీలన్నీ బయటికొచ్చినాయి, ఆనె, ఇలి, గుణింతాలు, వరసగా. కోడలు వేలితో తోస్తానే ఉండాది, అవి వస్తానే ఉండాయి.

"ఎద్దు బాగా చదువుతాండాదే," అనింది మెల్లిగా.

ముందు ఆయన గొంతు ఉండాదేమో చూడమంటి. ఉండాది. ఆ ఎండలో ఆయన గొర్రెల్ని పిలిచినాడు, ఇద్దరం విన్నాం. తర్వాత అడిగింది, ఇవన్నీ ఎందుకు చెరపలేదని. బటన్ సంగతి చెప్తి. అది పైపు కింద పడేసి కూలబడి నవ్వింది. "అళిసి అంటే చెరిపేయండి అని గూడా అత్తా!"

"ఆ మాట దాని మీద రాసిండాల గదా."

"నాకు చెప్పింటే నేర్పిస్తాంటి."

"నువ్వు నేర్పిస్తే నువ్వు టీచరమ్మ అయితావు. ఇంగ అత్త ఎవురు?"

ఆ సాయంత్రమే కోడలి చేత మొరిగే బ్రౌజర్ మళ్లీ పెట్టించుకొంటి. నేను ఏమేం చూసినానో అది ఇప్పటికీ గుర్తుపెట్టుకుంటాది, అది నాకు నచ్చదు, నచ్చిందని అబద్ధం చెప్పను. నాకు మరీ చాటు కావాల్సింది ఉంటే సెల్లులో చూడను, అంతే.

ఇప్పుడు ఆ పలకల పక్క నుంచి బస్సులో పోయేటప్పుడు ఆమె, అంటే అప్పటి నేను, కనపడతాది నాకు, నడి ఎండలో పైట ముసుగేసుకుని, పక్క వరసలో ఉండే ఇంటి మనిషిని దొంగ అనుకుని, అసలు దొంగకు తలుపు తీసి కూర్చున్న ఆ పెద్ద చిన్నపిల్ల. దిగి పోయి, "ఆ ముసుగు తీయవే, గాలాడక చస్తావు," అని చెప్పాలనిపిస్తాది. చెప్పినా వినదు. భలే మొండిది అప్పుడు.