పెట్టెలో వచ్చినాడు

పామిడిలో మా ఆర్కెస్ట్రాకు డ్రమ్స్ వాయించే ఆయన ఒకప్పుడు మిలిటరీలో పనిచేశాడు. ఖాళీగా కూర్చున్నా తొడ మీద దరువు వేస్తూనే ఉండేవాడు. సరిహద్దులో తన పక్కనే చనిపోయిన స్నేహితుడి మీద పాట కట్టాడు. "కొడుకొచ్చినాడమ్మా, పెట్టెలో వచ్చినాడు" అనేది పల్లవి. ఏడుపు పాటైతే ఎవరూ వినరని దానికి గంతులేయించే దరువు పెట్టాడు.

కార్గిల్ గెలిచామని ఊరేగింపు తీసిన రోజు జనం ఆ పాటే అడిగారు. 'పెట్టెలో' అన్నప్పుడల్లా ఈలలు, చిందులు. ఆయన వాయించడం ఆపేశాడు.

"ఏమప్పా, పీనుగ మీద ఎగురుతాండారే! మాటలు ఇనపడలేదా?"

"మాటలెందుకన్నా, దరువు కొట్టు" అన్నాడు ఊరేగింపు పెద్ద.

ఆయన కాండ్రించి ఉమ్మి, పుల్లలు విసిరేసి వెళ్లిపోయాడు.

నా కీబోర్డులో డ్రమ్స్ మోగించే మీట ఉంది. పెద్ద నా వైపు చూడగానే నొక్కేశాను. జనం మళ్లీ ఎగిరారు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.