కన్నవాళ్లే విప్పాల్సిన గడియారం

తనకల్లు గోవిందప్పకు ఒకటే పిచ్చి. ఏ వస్తువు చెడినా దాన్ని కన్నవాళ్లే బాగుచేయాలి. గొడుగు ఊచ విరిగితే అది తయారైన బొంబాయికే పంపాడు. వానలెటూ లేవు, తొందరేముంది అన్నాడు. మంచం నులక తెగితే, అల్లినవాడు మడకశిరలో ఉన్నాడని మంచాన్నే బస్సు మీదికి ఎక్కించి, అది తిరిగొచ్చేదాకా అరుగు మీద పడుకున్నాడు.

ఇక తండ్రి ఇచ్చిపోయిన స్విస్ చేతిగడియారం సంగతి చెప్పనక్కర్లేదు. కదిరిలో గడియారాల రిపేరీ అంగడి ముందు నుంచి పోవాల్సి వస్తే, అది వాళ్ల కంటపడకుండా చొక్కా చేతులు కిందికి లాక్కునేవాడు.

ఆ ఏడు కరువు పనుల కింద ఆయన చేని పక్కనే రోడ్డుకు కంకర కొడుతున్నారు. మేస్త్రీ జయరాముడికి గడియారం లేదు. గట్టు మీద కూర్చున్న గోవిందప్ప "ఐదయింది" అంటే ఆ రోజుకు పని చాలు. కంకర కొట్టే మారెమ్మకు ఆ మాటే ప్రాణం. గొర్రెల మందలు దిగకముందే వంక ఇసుకలో తవ్విన చెలిమె చేరితే బిందెడు తేట నీళ్లు. ఆలస్యమైతే బురదే. ఆయన ఐదు అందరి ఐదుకంటే కాస్త ముందే అవుతుందని ఆమెకు తెలుసు. తెలిసినా నోరెత్తలేదు.

మేస్త్రీ ఎత్తాడు. "ఏమన్నా, పొద్దు ఇంకా ఆడే ఉండాది. నీకు ఐదెట్లాయె?"

గోవిందప్ప గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "దీనికి ఒంట్లో బాగలేనట్లుండాది. కంపెనీకి పంపల్ల."

మారెమ్మ సుత్తి వదిలేసి లేచి వచ్చింది. "దానికేమైంది సామీ? బంగారట్ల నడుస్తాంది కదా."

"కన్నోళ్లు ఒకసారి చూస్తే మేలు కదమ్మా."

మంచు దేశంలో జలుబు చేస్తుందని దాన్ని గొంగళి ముక్కలో చుట్టాడు. ఎండకు అలవాటు పడిన ప్రాణం, నీడన పెట్టొద్దని చీటీ కూడా జత చేశాడు.

అది లేనన్నాళ్లూ పొద్దు గుంకేదాకా పనే. "టైమెంత సామీ?" అని అడిగితే గోవిందప్ప మణికట్టు మీది తెల్లమచ్చ చూసుకుని, "టైము ఊర్లో లేదు" అనేవాడు. మారెమ్మ వండిన సంగటి బురద వాసన కొట్టింది. ఆమె గోవిందప్పనూ, ఆ కంపెనీనీ, దాన్ని కన్న దేశాన్నీ కలిపి తిట్టింది.

ఉగాది ముందు గడియారం తళతళలాడుతూ తిరిగొచ్చింది. ఈలోగా మేస్త్రీ కూడా ఒకటి కొన్నాడు.

"ఐదయింది" అన్నాడు గోవిందప్ప.

మేస్త్రీ చేయి చాపాడు. "నాకు నాలుగే కదన్నా."

"నీదాన్ని కన్నోళ్లు చూసినారా?"

"లేదు. పాతది కొని కదిరిలో బాగుచేయించినా."

"ఇది స్విస్ దేశం పోయి వచ్చిండాది. కాయితం చూస్తావా?"

మేస్త్రీ రెండు గడియారాలనూ మార్చి మార్చి చూశాడు. తనదాన్ని విప్పి జేబులో వేసుకుని, పని ఆపమన్నాడు.

అందరూ వెళ్లాక మారెమ్మ మెల్లగా అడిగింది. "కంపెనీవోళ్లు సరిగ్గా చేయలేదా సామీ?"

"చేసినారు. నిమిషం తేడా లేదు. మధ్యాన్నం సంగటి తిన్నంక నేనే ముల్లు గంట ముందుకు జరుపుతాండా. మొదట్నుంచీ అంతే."

"మరి పంపిందెందుకు?"

"మేస్త్రీకి అనుమానం తగిలె కదా. కన్నోళ్లు చూసినంక ఇంకెవరు అడుగుతారు?"

మారెమ్మకు తాను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. వెంటనే నవ్వూ వచ్చింది.

"చెలిమె కాడికి టైము దాటిపోతాంది, పోమ్మా" అన్నాడాయన.

"ఎవరి టైము సామీ?" అంటూ ఆమె బిందె చంకనెత్తుకుని వంక వైపు పరుగు తీసింది.